కుక్క కంట్లో పురుగు: వాకిట్లో ఉందా, లోపలి గదిలో ఉందా?

పోయిన వానాకాలం మా మేనమామ ఫోన్ చేసి, "మోతీ కంట్ల పువ్వేసింది, పురుగు పడ్డట్టుంది, ఒకసారి వచ్చి చూడరా" అన్నాడు. మోతీ వాళ్ల బర్రెల కొట్టానికి కావలి ఉండే నాటు కుక్క. హనుమకొండ నుంచి ములుగు రోడ్డు మీద ముప్పావు గంట ప్రయాణం. నేను పోయేసరికి గడ్డివాము నీడలో పడుకుని ఉంది. పేరు పెట్టి పిలిస్తే తల ఎత్తింది కానీ నా వైపు కాకుండా కొంచెం పక్కకు చూసింది. దగ్గర కూర్చుని ఫోన్ టార్చ్ వేసి చూస్తే రెండు నల్లగుడ్లూ గంజిలో నీలిమందు కలిపినట్టు ఉన్నాయి. కింది రెప్ప లాగి చూశాను, పైరెప్ప ఎత్తి చూశాను. పురుగు ఎక్కడా లేదు.

అప్పటికే వారం రోజులుగా మామ ఒక మందుల షాపులో ఇచ్చిన కంటి చుక్కలు వేస్తున్నాడు. ఆ చుక్కలు తెచ్చి వెయ్యమని ఫోన్‌లో చెప్పింది నేనే. ఆ తప్పు నాది. ఈ వ్యాసం రాయడానికి సగం కారణం కూడా అదే.

మన దగ్గర కుక్క కన్ను ఎర్రబడినా, నీరు కారినా, పువ్వేసినా అందరి నోటా ఒకటే మాట, కంట్లో పురుగు పడ్డదని. ఆ మాట ఒక జబ్బు పేరు కాదు. దాని కింద అయిదారు రకాల జీవులు దాక్కుని ఉన్నాయి. ఒకదాన్ని ఈగ తెస్తుంది, ఒకదాన్ని దోమ, ఇంకోదాన్ని జోరీగ, మరోదాన్ని గోమారి. కొన్ని మామూలు చూపుకే కనిపిస్తాయి, కొన్ని మైక్రోస్కోప్ పెడితే తప్ప కనిపించవు. ఒకదానికి పనిచేసే మందు ఇంకోదాని దగ్గర కన్నే పోగొట్టొచ్చు. అందుకని ఏ పురుగు అని అడిగే ముందు, అది కంట్లో ఎక్కడుంది అని అడగాలి. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే ఏం చేయాలో, ఎంత తొందరగా చేయాలో చాలావరకు తేలిపోతుంది.

కన్నును ఒక ఇల్లనుకోండి. రెప్పలకూ గుడ్డుకూ మధ్య ఎప్పుడూ తడిగా ఉండే చోటు వాకిలి. తెల్లగుడ్డును కప్పి ఉండే పలుచని పొర గోడకు వేసిన సున్నం లాంటిది. నల్లగుడ్డు మీద అద్దంలా మెరిసే కార్నియా కిటికీ. దాని వెనక పలుచని నీటితో నిండినది లోపలి గది. ఇక ఈ ఇంటికంతటికీ సరుకు మోసే దారి రక్తం.

జనం కంట్లో పురుగు అన్నప్పుడు వాళ్ల మనసులో ఉండేది వాకిట్లో పురుగే. దాని శాస్త్రీయ నామం థెలాజియా. కుక్కల్లో చేరే రకం థెలాజియా కాలిపీడా. సన్న సేమియా ముక్కలా తెల్లగా, ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. శాస్త్రవేత్తలు దీన్ని మొదట గుర్తించింది మన ఉపఖండపు కుక్క కంట్లోనే. అప్పటి పంజాబ్‌లోని రావల్పిండిలో ఒక కుక్క కంట్లోంచి తీసిన పురుగులను చూసి, 1910లో ఇద్దరు ఫ్రెంచి పరిశోధకులు దీనికి పేరు పెట్టారు. ఆసియా దేశాలకే పరిమితం అనుకున్న ఈ పురుగు 1989లో ఇటలీలో కనిపించింది. ఆ తర్వాత ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, స్పెయిన్ దాకా పాకింది. దక్షిణ ఇటలీలోని బసిలికాటా ప్రాంతంలో కొన్నిచోట్ల వెతికితే నూటికి 60 కుక్కల కళ్లలో ఉంది. నక్కలు, పిల్లులు, కుందేళ్లు, అప్పుడప్పుడు మనుషులు కూడా దీనికి చిక్కుతారు.

ఇది ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు చేరే తీరు వింటే ఆశ్చర్యమేస్తుంది. ఆడ పురుగు తన పిల్లల్ని కుక్క కన్నీళ్లలోనే వదులుతుంది. ఆ కన్నీరు తాగడానికి చిన్న ఈగలు వస్తాయి. ఐరోపాలో ఈ పని చేసే ఈగ పేరు ఫోర్టికా వరిగేటా. మాగిన పండ్ల మీద ముసిరే సన్న ఈగల కుటుంబానికి చెందినది. అందులోనూ కళ్ల చుట్టూ తిరిగేవి మగ ఈగలు. తాగిన కన్నీటితో పాటు పురుగు పిల్ల ఈగ ఒంట్లోకి పోయి, రెండు మూడు వారాలు అక్కడ పెరిగి, మూతి దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. ఆ ఈగ ఇంకో కుక్క కంటి మీద వాలగానే కన్నీటిలోకి దిగిపోతుంది. మరో నెలకల్లా పెద్ద పురుగవుతుంది. ఇందులో కుట్టడం లేదు, గాయం లేదు. ఈగ కళ్ల మీద వాలి ఒక్క గుటక తాగిపోతే చాలు.

మరి కన్ను ఎందుకు పాడవుతుంది? ఈ పురుగు చర్మం నున్నగా ఉండదు. ఒళ్లంతా అడ్డంగా ఉంగరాలు, ఒక్కో ఉంగరం అంచు రంపం పళ్లలా ఉంటుంది. కుక్క రెప్ప కొట్టిన ప్రతిసారీ ఆ రంపం కార్నియా మీద గీసుకుపోతుంది. దురదకు కుక్క ముందరి కాలితో కన్ను రుద్దుకుంటుంది, గడపకేసి మొహం రాసుకుంటుంది. పుండు పురుగు వల్లే కాదు, ఆ గోటి దెబ్బ వల్ల కూడా పడుతుంది.

దీనికి అన్నదమ్ముల వరసయ్యే పురుగు బర్రెలూ ఆవుల కళ్లలో ఉంటుంది. థెలాజియా రోడెసై అంటారు. పసులున్న ఇంట్లో పెరిగినవాళ్లు దాన్ని చూసే ఉంటారు. మా చిన్నప్పుడు మామ వాళ్ల బర్రె కంట్లోంచి ధారగా నీళ్లు కారుతుంటే ఊళ్లో ఒక పెద్దాయన పొగాకు నమిలి, ఆ రసం నేరుగా దాని కంట్లోకి ఊశాడు. బర్రె తాడు తెంపుకున్నంత పని చేసింది. రెండు పురుగులు బయటికొచ్చాయి, అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. బర్రె కన్ను మాత్రం అటు తర్వాత వాచి, తెరవడానికే చాలా రోజులు పట్టింది. పొగాకు ఘాటుకు పురుగు కదిలి బయటపడేది నిజమే. అదే ఘాటుకు కార్నియా మీది పొర కూడా కాలిపోతుంది.

డాక్టర్ చేసే పని ఇంతకన్నా నిదానంగా, ఇంతకన్నా తేలికగా ఉంటుంది. ముందు కన్ను మొద్దుబారే చుక్కలు వేసి ఒకట్రెండు నిమిషాలు ఆగుతారు. కుక్కకు మనకు లేని మూడో రెప్ప ఒకటుంటుంది, ముక్కు వైపు మూలలో మడిచి ఉంటుంది. దాన్ని మొండి పట్టకారుతో మెల్లగా ఎత్తుతారు. పురుగులు ఎక్కువగా దాని వెనకే దాక్కుంటాయి. తడిపిన దూది పుల్లకు చుట్టి కొన్నింటిని, పట్టకారుతో కొన్నింటిని తీసి, మిగిలినవి కొట్టుకుపోయేలా సెలైన్‌తో కడుగుతారు. కంటికి కనిపించని పిల్ల పురుగులు మిగిలిపోతాయి కాబట్టి మెడ మీద వేసే మాక్సిడెక్టిన్ మందో, మిల్బెమైసిన్ మాత్రో ఇస్తారు. పుండు లేకపోతే కన్ను చక్కగా కోలుకుంటుంది. చూడ్డానికి ఒళ్లు జలదరించే ఈ పురుగే అన్నిటిలోకీ తేలిగ్గా వదిలేది.

అన్నట్టు, కంట్లో తెల్ల దారం కనబడగానే పురుగు అనుకోవద్దు. చాలాసార్లు అది సాగిన పుసి. కన్నీరు తక్కువగా ఊరే కుక్కల్లో పుసి దారంలా చుట్టుకుని ఉంటుంది. నాలుగు చుక్కల శుభ్రమైన సెలైన్ వేసి చూడండి. పుసి సాగి తెగిపోతుంది, పురుగైతే మెలికలు తిరుగుతుంది. ఫోన్‌లో ఒక అర నిమిషం వీడియో తీసి పెట్టుకుంటే డాక్టర్‌కు సగం పని తగ్గుతుంది, ఎందుకంటే మీరు ఆస్పత్రికి పోయేలోపు పురుగు మూడో రెప్ప చాటుకు పోతుంది.

ఇప్పుడు గోడ సంగతి. తెల్లగుడ్డు మీది పొర కింద, అంటే సున్నానికీ గోడకూ మధ్య, పొడవాటి పురుగు పాకుతూ కనిపిస్తే అది ఈగ తెచ్చింది కాదు, దోమ తెచ్చింది. బోదకాలు మనకు కొత్త కాదు. ఇంటింటికీ వచ్చి డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు మింగించి పోవడం మనలో చాలామంది చూసిందే. బోదకాలు తెచ్చే పురుగు మనిషిది. కుక్కకు దాని వంశంలోనిదే వేరే పురుగు ఉంది, డైరోఫిలేరియా రెపెన్స్ అంటారు. కుక్క చర్మం కింద ఉంటుంది, ఆడది 10 నుంచి 17 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. చాలా కుక్కల్లో ఏ బాధా పెట్టదు, చేతికి ఒక కదిలే గడ్డ తగులుతుంది అంతే. దాని సన్నటి పిల్లలు రక్తంలో తిరుగుతుంటాయి. కుట్టిన దోమ వాటిని పీల్చుకుని, వాటికి తన ఒంట్లో కొన్నాళ్లు పెరిగే చోటిచ్చి, తర్వాత కుట్టిన కుక్కకు అంటిస్తుంది. ఆ కుట్టేది ఒక్కోసారి మనిషినైతే, పురుగు దారి తప్పి కంటి పొర కిందికి చేరుతుంది. కేరళలో కంటి డాక్టర్లకు ఇలాంటి కేసులు బాగా తెలుసు. మనిషి ఒంట్లో అది సాధారణంగా పిల్లలు పెట్టే దాకా పోదు, ఒకటే ఉంటుంది, చిన్న కోత పెట్టి తీసేస్తారు. కుక్కను ముట్టుకుంటే, ఒళ్లో పెట్టుకుంటే ఇది అంటదు. మధ్యలో దోమ ఉండాల్సిందే. ఇది తెలియక, ఇంట్లో ఒకరి కంట్లో పురుగు కనబడిందని పెంపుడు కుక్కను తీసుకుపోయి ఊరి బయట వదిలేసేవాళ్లున్నారు. దోమ మాత్రం అదే ఇంట్లో ఉంటుంది.

లోపలి గదిలో పురుగు అరుదు. కుక్క గుండెలో ఉండే డైరోఫిలేరియా ఇమైటిస్ అనే పెద్ద పురుగు పిల్ల ఒకటి దారితప్పి కార్నియా వెనకకు వస్తుంది. గాజు బుడ్డిలో దారం ఈదుతున్నట్టు కనబడుతుంది. వరంగల్‌లో పెళ్లి బరాత్‌లకు వచ్చే గుర్రాల్ని గమనించారా? కొన్నిటికి ఒక కన్ను తెల్లబడి ఉంటుంది. గుర్రాల్లో అలా కావడానికి ఉన్న కారణాల్లో సెటేరియా ఒకటి. అది ఆవులూ బర్రెల పొట్టలో పెద్దగా హాని చేయకుండా బతికే పురుగు, దోమ ద్వారా గుర్రానికి చేరి కంటి లోపలి గదిలో చిక్కుకుపోతుంది. ఏ జంతువైనా సరే, లోపలి గదిలో పురుగుంటే ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. దాన్ని మందుతో లోపలే చంపితే చచ్చిన పురుగు మీద శరీరం చేసే దాడికి కన్ను మొత్తం మండిపోతుంది. ముందు ఆపరేషన్ చేసి పురుగును సాంతంగా బయటికి తీయాలి, ఆ తర్వాతే ఒంట్లో మిగిలినవాటికి మందు.

మళ్లీ మోతీ దగ్గరికొస్తాను. వాకిట్లో లేదు, గోడలో లేదు, లోపల ఏదైనా ఉందేమో చూద్దామంటే కిటికీయే మసకబారింది. మర్నాడు పొద్దున ఆటోలో వేసుకుని పశువుల ఆస్పత్రికి తీసుకుపోయాం. డాక్టర్ కన్ను చూడ్డానికి ముందు చిగుళ్లు చూశారు. తెల్లగా పాలిపోయి ఉన్నాయి. వెనక కాళ్లు నొక్కితే వేలి ముద్ర గుంటలా పడింది.

"జ్వరం వచ్చి పోతున్నదా?" అని అడిగారు.

"నాలుగు రోజులు తింటది సార్, మళ్ల రెండు రోజులు ముట్టది," అన్నాడు మామ.

"బర్రెలున్నయా ఇంట్ల?"

"ఆరున్నయి సార్."

చెవి అంచున సూది గుచ్చి ఒక చుక్క రక్తం గాజు పలక మీద తీసుకుని, మైక్రోస్కోప్ కింద పెట్టి, కాసేపటికి నన్ను పిలిచి చూడమన్నారు. ఎర్రకణాలు చెరువు మీద తామరాకుల్లా ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. వాటి మధ్య ఒకచోట ఆగకుండా అలజడి. కాస్త కన్ను కుదురుకున్నాక కనిపించింది, వెంట్రుకలో వెంట్రుకంత సన్నగా, మెలికలు తిరుగుతూ, అడ్డమొచ్చిన కణాల్ని పక్కకు తోసుకుంటూ పోతున్న ఒక జీవి. "మీరు కంట్ల ఎతుకుతున్న పురుగు ఇది," అన్నారు డాక్టర్.

ఆ జీవి పేరు ట్రిపనోసోమా ఇవాన్సై, జబ్బు పేరు సర్రా. 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యాధికారి గుర్రాలు, ఒంటెల రక్తంలో దీన్ని కనిపెట్టాడు. ఈ జాతి జీవులు జబ్బు తెస్తాయని లోకానికి తెలిసింది అప్పుడే. దీన్ని మోసేది జోరీగ. జోరీగ కుట్టుడు బర్రెకు ఎంత నొప్పంటే తోక విసిరి, తల విదిల్చి సగంలోనే తరిమేస్తుంది. ఆకలి తీరని జోరీగ, మూతికి అంటిన తడి రక్తంతోనే పక్కనున్న ఇంకో జంతువు మీద వాలుతుంది. అంతే, అంటుకుంటుంది. థెలాజియా లాగా ఈగ ఒంట్లో వారాల తరబడి పెరగాల్సిన పనే లేదు. బర్రెలు దీన్ని చాలాసార్లు పైకి కనిపించకుండా మోస్తూ తిరుగుతాయి. కొట్టంలో వాటి పక్కనే పడుకునే కుక్కకు మాత్రం ప్రాణాంతకం. జబ్బున్న పశువు పచ్చి మాంసం తిన్నా, రక్తం నాకినా కుక్కకు రావచ్చు.

కన్ను నీలంగా మారడం ఈ జబ్బులో పేరుమోసిన గుర్తు. పరాన్నజీవి రక్తనాళాలు దాటి కంటి లోపలి గదిలోకి చేరుతుంది, దానిమీద శరీరం చేసే యుద్ధంలో కార్నియా ఉబ్బి నీరు పట్టి మసకబారుతుంది. ఒక కంటికి దెబ్బ తగిలితే ఒక కన్నే తెల్లబడుతుంది. జ్వరంతో పాటు రెండు కళ్లూ ఒకేసారి మబ్బు పట్టాయంటే కంటి చుక్కల గురించి మర్చిపోయి రక్తం గురించి ఆలోచించాలి. ఇంకో ఇబ్బంది ఉంది. ఈ జీవి తన ఒంటి మీది పైపొరను మాటిమాటికీ మార్చుకుంటుంది. శరీరం ఒక రూపాన్ని గుర్తుపట్టి చంపేలోపు ఇంకో రూపంతో పెరుగుతుంది. జ్వరం వచ్చి పోయేది అందుకే. తగ్గిన రోజున రక్తం చూస్తే ఏమీ దొరకకపోవచ్చు, కాబట్టి ఒకసారి లేదన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండొద్దు. జ్వరం ఉన్న రోజున ఇంకోసారి తీయించాలి.

మనుషులకు వస్తుందా అని మామ అడిగాడు. దాదాపు ఎవరికీ రాదు. మన రక్తంలో ఏపీఓఎల్1 అనే ప్రోటీన్ ఈ జీవిని చంపేస్తుంది. కానీ కాజీపేట నుంచి రైలెక్కితే బల్లార్షా వస్తుంది కదా, ఆ చంద్రపూర్ జిల్లాలోనే 2004లో ఒక రైతుకు సర్రా వచ్చింది. మన దేశంలో మనిషిలో నిర్ధారణ అయిన మొదటి కేసు అది. తర్వాత పరీక్షలు చేస్తే ఆయన రక్తంలో పనిచేసే ఏపీఓఎల్1 లేదని తేలింది. మందుతో ఆయన కోలుకున్నాడు.

రక్తం దారిలో వచ్చేవాటిలో గోమార్ల పాపం కూడా ఉంది. ఎర్లీకియా అనేది నిజానికి పురుగు కాదు, బ్యాక్టీరియా, కానీ గోమారి తెస్తుంది కాబట్టి ఇక్కడే చెప్పుకోవాలి. కంటి లోపల మంట, రక్తస్రావం, ఒక్కోసారి ఉన్నట్టుండి చూపు పోవడం. డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు వాడాలి, పది రోజులకు కుక్క హుషారుగా కనిపించిందని ఆపేయకూడదు.

ఇక ఆ చుక్కలు. మందుల షాపుల్లో కన్ను ఎర్రబడిందంటే ఇచ్చే చుక్కల్లో చాలావాటిలో యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటుంది. వేసిన పూటకే ఎరుపు తగ్గుతుంది, మందు పనిచేస్తోంది అనిపిస్తుంది. కార్నియా మీద పుండుంటే అదే స్టెరాయిడ్ పుండును మాననివ్వదు, లోతు చేస్తుంది, కార్నియాకు రంధ్రం కూడా పడొచ్చు. పుండుందో లేదో మామూలుగా చూస్తే తెలియదు. ఫ్లోరెసిన్ అనే పసుపు రంగు వేసి నీలి వెలుగులో చూస్తే పుండున్న చోట ఆకుపచ్చగా మెరుస్తుంది, రెండు నిమిషాల పరీక్ష. మోతీకి ఆ పరీక్ష చేస్తున్నంతసేపూ నాకు ఒకటే టెన్షన్. మెరవలేదు. మెరిసి ఉంటే ఆ వారం రోజుల చుక్కలకు జవాబు చెప్పుకోవాల్సింది నేనే.

అంతకన్నా ప్రమాదం ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్. పురుగు అన్న మాట వినబడగానే పసులకు తెచ్చిన సీసాలోంచి కుక్కకూ ఒక ఎంఎల్ పొడిచేవాళ్లున్నారు. మందు గొప్పదే, దాన్ని కనిపెట్టినవాళ్లకు 2015లో నోబెల్ వచ్చింది. కానీ లెక్క చూడండి. పసుల సీసాలో ఒక ఎంఎల్‌కు 10 మిల్లీగ్రాములుంటుంది, అది 50 కిలోల బరువుకు సరిపడే మోతాదు. అయిదు కిలోల కుక్కకు అదే ఒక ఎంఎల్ వేస్తే పశువుకిచ్చేదానికి పదింతలు పడినట్టు. గుండె పురుగు రాకుండా కుక్కలకు నెలనెలా ఇచ్చే మోతాదుతో పోలిస్తే మూడు వందల రెట్లకు పైనే. కోలీ లాంటి జాతుల్లో జన్యులోపం ఉన్న కుక్కలకు ఇంకా తక్కువ మోతాదే మెదడుకెక్కి పడేస్తుంది. పైగా మోతీకున్నది సర్రా. దానిమీద ఐవర్‌మెక్టిన్‌ను నమ్ముకోలేం. దానికి వాడే డైమినజీన్ కూడా కుక్కల్లో అటూఇటూ అయితే మెదడును దెబ్బతీసే మందే, తూకం వేసి డాక్టరే ఇవ్వాలి. వరంగల్ వైపు మామునూరులో, జగిత్యాల వైపు కోరుట్లలో పశువైద్య కళాశాలలున్నాయి. అనుమానం తీరకపోతే దగ్గరున్నదానికి తీసుకుపోయి రక్తం, కన్ను రెండూ చూపించండి.

మామ మనవరాలికి నాలుగేళ్లు, వీధి కుక్క పిల్లలంటే ప్రాణం. ఆమె గురించి డాక్టర్‌ను అడిగితే కంటి పురుగు కన్నా కడుపు పురుగు గురించి భయపడమన్నారు. కుక్కల ఏలికపాము టాక్సోకారా తల్లి కడుపులో ఉండగానే కుక్క పిల్లలకు అంటుకుంటుంది. పిల్లల మలంలో పడిన గుడ్లు మట్టిలో రెండు మూడు వారాలకు అంటించే శక్తి తెచ్చుకుంటాయి. మట్టి చేతులు నోట్లో పెట్టుకున్న పసివాళ్ల ఒంట్లో ఆ లార్వా తిరిగి తిరిగి ఒక్కోసారి కంటి వెనక పొర మీద గడ్డ కడుతుంది. 1950లో అమెరికాలో హెలెనర్ వైల్డర్ అనే పరిశోధకురాలు, క్యాన్సర్ లాంటి గడ్డలని అనుమానించి తీసేసిన 46 కళ్లను పరీక్షిస్తే 24 కళ్లలో ఉన్నవి పురుగు పిల్లలు. ముందే తెలిసి ఉంటే ఎంతమంది పిల్లల కళ్లు దక్కేవో. కుక్క పిల్లలకు రెండో వారం నుంచే, రెండు వారాలకోసారి నట్టల మందు పట్టించడం, తల్లికీ పట్టించడం, వాకిట్లో మలాన్ని ఏ రోజుకారోజు తీసెయ్యడం, ఆడి వచ్చిన పిల్లకు సబ్బుతో చేతులు కడగడం. ఖర్చు చాలా తక్కువ.

మోతీ కుడి కన్ను మూడు వారాలకు తేటపడింది. ఎడమ కంట్లో ఆవగింజంత పువ్వు ఉండిపోయింది, అది పోదని డాక్టర్ ముందే చెప్పారు. సర్రా మెదడు చుట్టూ ఉండే ద్రవంలో దాక్కుని, మందు అక్కడిదాకా అందక, నెలల తర్వాత మళ్లీ తిరగబెట్టొచ్చు. జోరీగలు లేచే కాలానికి ఇంకోసారి, ఈసారి బర్రెలతో కలిపి, రక్తం చూపించాలని ఆయన రాసిచ్చిన చీటీని మామ కొట్టం తలుపు వెనక మేకుకు గుచ్చి పెట్టాడు.